తిట్టుకూ తిట్టుకూ మధ్య మీసం

రిసెప్షన్ కౌంటరు చెక్కకు అంటించి ఉన్న కాగితాన్ని లోకేశ్వరి మొదట చదవలేదు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసింది. తర్వాత ఒక మూలను గోటితో గీకి, గోటికి అంటుకున్నదాన్ని వెలుతురులో తిప్పి చూసింది.

"ఇది జిగురు కాదు. రాగి సంగటి," అంది.

కౌంటరు అవతల నిలబడ్డ దేవకమ్మ కళ్ళు తుడుచుకోవడం ఆపేసి నోరు తెరిచింది. తిరుచానూరులో ఈ లాడ్జి ఆమెదీ, ఆమె భర్త గంగాధరానిదీ. పొద్దున్నే ఫోన్ చేసి, "కొంప మునిగింది లోకేశ్వరీ, ఉన్నపళంగా రావాల," అని ఏడ్చింది ఆమే.

"సంగటితో అంటించినారంటే రూముల్లో దిగిన యాత్రికుల పని కాదు. తెల్లారేసరికి వాళ్ళకు సంగటి యాడ దొరుకుతాది? ఇది ఇంటి మనుషుల పనే. ఈ పొద్దు మీ ఇంట్లో సంగటి ఎవరు తిన్నారు వదినా?"

"అందరమూ తింటిమి. నేను, మీ అన్న, మా తమ్ముడు మునిప్రసాదు, మునీంద్ర. మిగిలింది కుక్కకు పెడితి."

ఆ దారి అక్కడితో మూసుకుపోయింది. లోకేశ్వరి ఏమీ జరగనట్టు గోరు కొంగుకు తుడుచుకుని, ఇప్పుడే అసలు పని మొదలు పెడుతున్నదానిలా కళ్ళజోడు తీసి పెట్టుకుంది.

ప్రైవేటు డిటెక్టివు లోకేశ్వరి పేరు తిరుపతిలో పెళ్ళీడు పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. పెళ్ళికొడుకు చెప్పిన ఉద్యోగం నిజంగా ఉందా, ఉంటే ఎన్నాళ్ళుగా ఉంది, చెప్పిన అలవాట్లు కాక చెప్పనివి ఏమున్నాయి అని ఆరా తీయడం ఆమె వృత్తి. ఆమె ఆయుధం ఆమె ఫోన్. పెళ్ళికొడుకులు రాత్రి పెట్టి పొద్దున తీసేసే ఫోటోలు, రాసి చెరిపేసే రాతలు అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి, వేరువేరు ఫోల్డర్లలో సర్దిపెడుతుంది. ఫోల్డర్లకు పేర్లు కూడా ఆమే పెట్టుకుంది: 'చెప్పిన వయసు', 'అసలు వయసు', 'సిగరెట్టు', 'ఇంకో పెళ్ళాం'. ఈ చివరి ఫోల్డరు నిండిపోతుండటం చూసి ఆమెకు మగజాతి మీద ఉన్న కాస్త నమ్మకమూ ఎప్పుడో పోయింది.

కౌంటరు మీదున్నది కూడా స్క్రీన్‌షాటే. జెరాక్సు షాపులో నలుపు తెలుపుల్లో ప్రింటు తీయించిన వాట్సాప్ మెసేజీల స్క్రీన్‌షాటు. పైన, పంపినవాడి పేరు 'మునీంద్ర లాడ్జి' అని ఉంది. కింద మూడు తెల్లటి గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో తిట్టు.

'ఒరే గంగాధరం, పులిసిన పెరుగు మొగమోడా!'

'తుప్పు పట్టిన తాళంకప్ప నోరోడా, తెరిచినా కిర్రు, మూసినా కిర్రు!'

మూడోది ఎండిన తోతాపురి టెంకతో మొదలై, గంగాధరం తలకాయ మీదుగా ప్రయాణించి, అచ్చులో పెట్టడానికి వీల్లేని చోట తేలింది.

లోకేశ్వరి మూడూ శ్రద్ధగా చదివింది. తిట్లు బాగున్నాయనిపించి, ఆ సంగతి మొహంలో కనిపించకుండా జాగ్రత్త పడింది.

"నీ ఫోను ఇట్లా ఇయ్యి వదినా."

"నన్నే అనుమానిస్తావా?"

"పిలిచినోళ్ళనే మొదట అనుమానించాల. అది నా పద్ధతి."

దేవకమ్మ ఫోన్లో మునీంద్ర పేరు ఉత్త 'మునీంద్ర' అని ఉంది. అందులో తిట్లు లేవు, పాల ప్యాకెట్లు తెమ్మన్న మెసేజీలే ఉన్నాయి. లోకేశ్వరి ఫోన్ తిరిగిచ్చేసి, వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న గంగాధరం దగ్గరికి నడిచింది.

గంగాధరం ఒళ్ళో తాళాలగుత్తి ఉంది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేక, లాడ్జి బాధ్యతంతా ఈ మధ్యాహ్నం పన్నెండు గంటల మంచి ఘడియలో మునీంద్ర చేతికి అప్పగించాలని ఆయన నెల కిందటే నిర్ణయించాడు. మీసం రాని వయసులో కొంగరెడ్డిపల్లె నుంచి వచ్చి ఇక్కడ దుప్పట్లు మడిచిన మునీంద్ర, ఇరవై ఏళ్ళలో మేనేజరై, పిల్లలు లేని ఆ ఇంట్లో కొడుకు కాని కొడుకై కూర్చున్నాడు. పొద్దున కౌంటరు మీద కాగితం కనిపించడంతో అదంతా తలకిందులైంది. ఇప్పుడు అదే ముహూర్తానికి గుత్తి బామ్మర్ది మునిప్రసాద్ చేతిలో పెడతానని గంగాధరం పట్టుపట్టాడు. మునీంద్ర సంచి సర్దుకుని బెంగళూరు బస్సెక్కాడు. ఎవరు చేసినా ఫోన్ ఎత్తడం లేదు.

"అన్నా, మునీంద్రను నువ్వేమడిగినావు, వాడేమన్నాడు, ఒక్క మాట మార్చకుండా చెప్పు," అంది లోకేశ్వరి.

"'ఇది నువ్వు రాసిందేనా' అని అడిగినా. 'నేనే రాసినా పెద్దాయనా' అన్నాడు. తాళాలు ఈడ పెట్టినాడు. సంచి ఎత్తుకున్నాడు. పోయినాడు."

"ఎందుకు రాసినావని అడగలేదా?"

"తిట్టినోణ్ణి పట్టుకొని, ఎందుకు తిట్టినావు నాయనా అని అడగమంటావా? నాకేం పౌరుషం లేదా?"

"ఈ మెసేజి నీకు వచ్చిందా?"

"నాకు ఫోనెందుకమ్మా! నాతో పనుండేవాళ్ళు ఈడికే వస్తారు." గంగాధరం తాళాలగుత్తిని అటూ ఇటూ కదిపాడు. "వచ్చేవాళ్ళు. ఈ ఏడు జాతరకు వాడు నా గడప గూడా తొక్కలేదు."

లోకేశ్వరి చటుక్కున తలెత్తింది. "జాతరకు ఏమైంది?"

"ఏమైంది అంటే ఏం చెప్పేది? వాడు ఈడికి వచ్చిన కాణ్ణించి ప్రతి ఏడూ గంగజాతరలో బండ వేషమేస్తాడు. ఒళ్ళంతా కుంకుమ పూసుకొని, ఎవరి ఇంటికీ పోకముందు ఈ గుమ్మంలో నిలబడి నన్ను తిట్టేవాడు. అమ్మోరి తిట్టు మొదట నాకే తగలాల అని వాడి మొండితనం. నేను గూడా పొద్దున్నే తలకు పోసుకొని కూర్చునేవాణ్ణి, తిట్టు తగలాలని. ఈ ఏడు కూర్చుంటి, కూర్చుంటి... సందేళ దాకా కూర్చుంటి."

తిరుపతి గంగమ్మ జాతర సంగతి తెలియనివాళ్ళకు ఈ మాటలు వింతగా ఉంటాయి. వేషం కట్టినవాడు ఆ ఒక్కరోజు ఎవరినైనా ఎంత మాటైనా అనవచ్చు. కలెక్టరునైనా, కన్నతండ్రినైనా. పడ్డవాళ్ళు నవ్వుతారు, దండం పెడతారు, అమ్మవారి దయ తగిలిందని మజ్జిగ పోసి పంపుతారు. తిట్టు పడనివాళ్ళే దిగులుగా ఉంటారు.

"వాడికి కాలిరిగింది గదా," అంది వెనకే వచ్చిన దేవకమ్మ. "పుత్తూరులో కట్టు కట్టించుకొని వాళ్ళ ఊర్లో పండుకోనుండె పాపం."

"కాలిరిగితే నోరు గూడా ఇరిగిందా?" అన్నాడు గంగాధరం. కోపంగానే అన్నాడు గానీ చూపు గుమ్మం వైపు పోయింది. "జాతర రోజు ఒక్క తిట్టు తిట్టకుండా, ఇప్పుడు, దసరా ముందర, ఎవరికో నా మీద చాడీలు రాసుకున్నాడు. జాతరలో తిడితే దీవెన. ఇప్పుడు తిడితే ఏమంటారు దాన్ని?"

లోకేశ్వరి కౌంటరు దగ్గరికి తిరిగి వచ్చింది. కాగితాన్ని మళ్ళీ చూసింది. ఈసారి రాసినదాన్ని కాకుండా, రాయనిదాన్ని వెతికింది. మెసేజీల పక్కన గంట, నిమిషం ఉన్నాయి. ఏ తేదీ అన్నది ఎక్కడా లేదు. పైగా ఆమె తన వృత్తిలో చదివిన తిట్లు తక్కువేమీ కావు. యజమాని మీద నిజంగా మండిపడే మనిషి సెలవివ్వలేదని తిడతాడు, జీతం పెంచలేదని తిడతాడు, నలుగురిలో అవమానించాడని తిడతాడు. ఈ మూడు తిట్లలో ఒక్క ఫిర్యాదు కూడా లేదు. పెరుగు, తాళంకప్ప, మామిడి టెంక. కోపం అనేదే లేకుండా తిట్టిన తిట్లు ఇవి.

ఇంకొకటి కూడా ఉంది. అక్షరాలు లావుగా పెట్టుకున్న ఫోన్ కావడంతో తెల్లటి గళ్ళు కాగితమంతా పరుచుకున్నాయి. మొదటి గడికీ రెండో గడికీ మధ్య వేలెడు సందు మిగిలింది. ఆ సందులో బూడిదరంగు మరక ఒకటి, రెండు చివర్లూ పైకి వంకర తిరిగి ఉంది. ఆమె దాన్ని వేలితో రుద్దింది. పోలేదు.

అప్పుడే గుమ్మంలో బూట్ల చప్పుడైంది.

"వచ్చేసినారు! చిత్తూరు నుంచి సారును పిలిపించినా బావా," అంటూ మునిప్రసాద్ లోపలికి వచ్చాడు. నలభై దాటినా అక్క ఇంట్లోనే ఉంటున్న తమ్ముడు. మనిషి కంటే ముందు అతని మీసం కనిపిస్తుంది. పొద్దునా సాయంత్రం నూనె రాసి, దువ్వి, రెండు కొసలూ చెంపల మీదికి మెలితిప్పి ఉంచుతాడు. దాన్ని పెంచడం తప్ప ఇంకో పని చేసినట్టు ఊళ్ళో ఎవరికీ తెలియదు.

అతని వెనక ల్యాప్‌టాప్ సంచితో వచ్చినవాణ్ణి చూడగానే లోకేశ్వరి పళ్ళు కొరికింది. నరేంద్ర. చిత్తూరు కోర్టు దగ్గర 'సైబర్ నిపుణుడు' అని బోర్డు పెట్టుకున్నాడు. పోయిన ఏడాది ఒక పెళ్ళికొడుకు మంచివాడని అతను, కాదని ఈమె పోటాపోటీగా రిపోర్టులిచ్చారు. పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికొడుకు ఇప్పుడు లోకేశ్వరి చివరి ఫోల్డరులో ఉన్నాడు.

"మేడమ్, మీరా! ఇది టెక్నికల్ కేసు మేడమ్. పెళ్ళిళ్ళ కేసు కాదు," అన్నాడు నరేంద్ర నవ్వుతూ.

"తెలుసప్పా. అందుకే నువ్వు రాకముందే సగం తేల్చినా."

నరేంద్ర కౌంటరు మీద ల్యాప్‌టాప్ తెరిచి, గంగాధరానికి వినపడేలా గొంతు పెంచాడు. "పెద్దాయనా, నా రిపోర్టు వినండి. ఈ స్క్రీన్‌షాట్ నూటికి నూరు పాళ్ళు ఒరిజినల్. ఒక్క అక్షరం మార్చలేదు. కత్తిరించలేదు. అతికించలేదు. ఎవరైనా దొంగదని అంటే..." లోకేశ్వరి వైపు చూశాడు. "కోర్టులో తేల్చుకుందాం."

"దొంగదని ఎవరన్నారు? ఒరిజినలే," అంది లోకేశ్వరి.

గొడవకు సిద్ధపడి వచ్చిన నరేంద్ర ల్యాప్‌టాప్ మూత సర్దుకున్నాడు.

"బావా, ఒరిజినలంట. ముహూర్తం దగ్గర పడుతుండాది," అన్నాడు మునిప్రసాద్ తాళాలగుత్తి వైపు చూస్తూ.

"గమ్మునుండు. నాదొక్క చిన్న అనుమానం," అంది లోకేశ్వరి. "నరేంద్రా, ఈ మరక ఏంది?"

"జెరాక్సు మిషన్ మరక మేడమ్. మిషన్ పాతదైతే ఇట్లాగే సిరా పూసుకుంటుంది. ఇంత చిన్న విషయం కూడా..."

"మిషన్ మరకైతే నువ్వు పరీక్ష చేసిన అసలు ఫైల్లో ఉండదు గదా?"

"ఉండదు."

"నాకు నమ్మకం లేదు. పెద్దగా చేసి చూపిస్తే నమ్ముతా. అంత పెద్దగా చూపించే శక్తి నీ ల్యాప్‌టాప్‌కు ఉండాదో లేదో."

"సార్, వద్దు సార్," అన్నాడు మునిప్రసాద్.

కానీ తన ల్యాప్‌టాప్‌ను ఒక మాట అంటే నరేంద్ర ఊరుకునే మనిషి కాదు. ఇంకో రెండు కేసులు పోయినా సరే, అది మాత్రం భరించలేడు. ఫైలు తెరిచాడు. నలుపు తెలుపు కాగితం మీద బూడిదరంగులో ఉన్నదంతా రంగుల్లో వచ్చింది. మొదటి తిట్టుకూ రెండో తిట్టుకూ మధ్య ఉన్న సందు మీద బాణం గుర్తు పెట్టి, పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేసి, గంగాధరానికి కూడా కనిపించేలా తెరను వరండా వైపు తిప్పాడు. "చూడండి మేడమ్, ఎక్కడా మరక..."

తెర ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక మీసం పరుచుకుంది. నూనె రాసి, దువ్వి, రెండు కొసలూ మెలితిప్పిన మీసం.

అందరూ తెర మీది మీసాన్ని చూశారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు మునిప్రసాద్ మొహం వైపు తిరిగారు. మునిప్రసాద్ రెండు చేతులతోనూ నోరు మూసుకున్నాడు. నోరు మూసుకోవడానికి కాదు, మీసం దాచుకోవడానికి.

"వాట్సాప్‌లో మాటల వెనక మనకు నచ్చిన బొమ్మ పెట్టుకోవచ్చు అన్నా," అని గంగాధరానికి వివరంగా చెప్పింది లోకేశ్వరి. "దేవుడి బొమ్మ పెట్టుకుంటారు, పిల్లల బొమ్మ పెట్టుకుంటారు. మీ బామ్మర్ది తన బొమ్మ తానే పెట్టుకున్నాడు. ఎవరు ఏం రాసినా ఆయన మొహం మీదనే పడతాది. మునీంద్ర ఈ తిట్లు పంపించింది ఈయన ఫోనుకు."

"నా ఫోన్లో యాడుండాయి? చూసుకోండి," అన్నాడు మునిప్రసాద్ చేతుల సందులోంచి. "మునీంద్ర మెసేజీలు నా దగ్గర ఒక్కటి గూడా లేవు."

"ఫోను ఇటు తే."

"ఛార్జింగ్ లేదు."

దేవకమ్మ ముందుకు నడిచింది. తమ్ముడి చొక్కా జేబులోంచి ఫోన్ లాగింది. అది తెరుచుకోకపోతే, చిన్నప్పుడు పలక మీద అక్షరాలు దిద్దించినట్టు అతని బొటనవేలు పట్టుకుని ఫోన్ మీద ఒత్తింది. ఛార్జింగ్ నిండుగా ఉంది.

మునిప్రసాద్ చెప్పింది మాత్రం నిజమే. మునీంద్ర పేరు మీద మెసేజీలన్నీ చెరిపేసి ఉన్నాయి. నరేంద్ర మొహం మీదికి మళ్ళీ నవ్వొచ్చింది. "బొమ్మ ఒక్కటే పట్టుకుని ఏం చేస్తారు మేడమ్? అదే బొమ్మ ఇంకెవరైనా పెట్టుకోవచ్చు. అసలు సంభాషణ ఏది? ఏ తేదీది? ఎవరికి రాశాడు? రుజువు లేకపోతే అనుమానం అంతే."

గోడ గడియారంలో పెద్దముల్లు పన్నెండుకు దగ్గరవుతోంది. గంగాధరం కాగితం వైపూ మీసం వైపూ మార్చిమార్చి చూస్తున్నాడు. ఆయనకు ఇంకా సగమే అర్థమైంది. మునీంద్ర రాసింది మాత్రం నిజమే కదా అన్న మాట ఆయన మొహంలో అలాగే ఉంది.

"వదినా, మీ తమ్ముడికి మతిమరుపు ఎట్లా?" అని అడిగింది లోకేశ్వరి ఉన్నట్టుండి.

"చెప్పుకుంటే సిగ్గుపోతాది. పెండ్లిచూపులకు పోయి ఏ ఇంటికి పోవాల్నో మర్చిపోయి తిరిగొచ్చినాడు. అందుకే ఏది కనపడినా ఫోన్లో బొమ్మ తీసి పెట్టుకుంటాడు."

"బొమ్మ తీసి అంటే, స్క్రీన్‌షాటా?"

"వాడు తీసిందాన్ని చెరిపేసేది గూడా మర్చిపోతాడు."

లోకేశ్వరి గ్యాలరీ తెరిచింది. ఫోల్డర్లలో సర్దిపెట్టుకునే ఆమె ఆ గ్యాలరీ చూసి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. వేల స్క్రీన్‌షాట్లు, ఒకదాని మీద ఒకటి, పెళ్ళివారింటి వెనక పారేసిన విస్తళ్ళలా పడి ఉన్నాయి. రాహుకాలం. కరెంటు బిల్లు. మీసానికి ఏ నూనె మంచిది. చిత్తూరు బస్సుల వేళలు. మళ్ళీ రాహుకాలం. తన ఫోటోను ఎంతమంది చూశారో లెక్క. తన ఫోన్ నంబరు తానే మర్చిపోతే చూసుకోవడానికి తన ఫోన్ నంబరు.

ఆమె వేలు ఆగింది.

నాలుగు రోజుల కిందటివి వరసగా ఉన్నాయి. మొదటిదానిలో తిట్లు సగమే వచ్చి, మీద ఎవరిదో మిస్డ్‌కాల్ అడ్డం పడింది. రెండోదానిలో తిట్ల మీద పెద్దగా తేదీ కనిపిస్తోంది. మూడోదానిలోనూ తేదీ ఉంది. నాలుగోది పొడవాటి స్క్రీన్‌షాటు. పైనుంచి కింది దాకా సంభాషణ అంతా ఒకే బొమ్మగా తీసింది. ఐదోది కౌంటరు మీద అంటించినది. కోడిగుడ్డు దొంగ పెంకులన్నీ జేబులో దాచుకున్నట్టు, మునిప్రసాద్ కుదరని ప్రయత్నాలన్నీ భద్రంగా దాచుకున్నాడు.

నాలుగోదానికీ ఐదోదానికీ నడుమ ఇంకోటి ఉంది. 'నరేంద్ర సార్ చిత్తూరు' అనే పేరుతో వచ్చిన మెసేజి స్క్రీన్‌షాటు. లోకేశ్వరి దాన్ని గట్టిగా చదివింది.

"'పొడవుది వద్దు. తిట్లు మాత్రం కనపడేట్టు జరుపు. తేదీ కనిపిస్తే చెయ్యి తీసి కొంచెంసేపు ఆగు. తేదీ దానంతటదే పోతుంది. అప్పుడు నొక్కు. నేను వచ్చి ఒరిజినల్ అని చెబుతా. పని అయ్యాక సంభాషణ చెరిపెయ్యి.'"

"ఇది గూడా తీసిపెట్టుకున్నావంట్రా!" అని నరేంద్ర మునిప్రసాద్ మీదికి దూకబోయాడు.

"మర్చిపోతానేమోనని సార్," అన్నాడు మునిప్రసాద్.

"నీ రిపోర్టులో ఒక్క అబద్ధం గూడా లేదు నరేంద్రా. కత్తిరించలేదు, అతికించలేదు. ముందరా వెనకా దాచిపెట్టి, నడిమది చూపించినావు అంతే," అంది లోకేశ్వరి. "కూర్చో. పోలీసులకు నేను చెప్తానో, అన్న చెప్తాడో తర్వాత తేల్చుకుందాం. ముందు ఈ పొడవుది చదవాల."

ఆమె పొడవాటి స్క్రీన్‌షాటును పైకి జరిపింది. మొట్టమొదట తేదీ ఉంది. మే నెల, జాతర, బండ వేషం రోజు. దాని కింద, ఇన్నాళ్ళూ దాగి ఉన్న మొదటి మెసేజి.

"'ప్రసాదన్నా, కాలు కట్టుతో లేవలేకుండా ఉండా. ఇరవై ఏండ్లలో మొదటిసారి పెద్దాయన గుమ్మానికి రాలేకపోతిని. ఏడుపొస్తాంది. కింద తిట్లు రాసి పంపిస్తుండా. ఒంటి మీద కుంకుమ పూసుకొనే రాస్తుండా, తప్పు లేదు. పెద్దాయనకు ఫోను లేదు గదా. ఇంకెవరి ఇంటికీ వేషాలోళ్ళు పోకముందే ఆయనకు చదివి వినిపించు. తిట్టు మొదట ఆయనకే తగలాల.'"

తర్వాత తిట్లు మూడూ వచ్చాయి. కాగితం మీద చూసిన తిట్లే, ఇప్పుడు వాటిని దాటి కిందికి వెళ్ళింది. మునిప్రసాద్ జవాబు ఉంది.

"'చదివి వినిపించినా. బావకు చానా కోపం వచ్చింది. వయసు మీరినాక ఇవేం తిట్లు అన్నాడు. ఇంక ఆ ఊసు ఎత్తొద్దన్నాడు.'"

దాని కింద మునీంద్రది, అన్నిటికన్నా చిన్న మెసేజి.

"'అట్లనా. పెద్దాయనను క్షమించమని చెప్పన్నా. ఇంక వేషం కట్టను.'"

గంగాధరం లేచాడు. మోకాళ్ళ సంగతే మర్చిపోయినట్టు లేచాడు. ఒళ్ళోని తాళాలగుత్తి నేల మీద పడి గలగలమంది, ఆయన వంగలేదు. పొద్దున మునీంద్ర అంత తేలిగ్గా 'నేనే రాసినా' అని ఎందుకు ఒప్పుకున్నాడో ఇప్పుడు అందరికీ తెలిసింది. పెద్దాయనకు మే నెలలో వచ్చిన కోపం ఇంకా తగ్గలేదనుకున్నాడు. ఎదురు చెప్పకుండా తలవంచుకుని పోయాడు. తిట్టు పడలేదని ఈయన, తిట్టి తప్పు చేశానని అతను, ఒకే కప్పు కింద ఇన్ని నెలలు మనసు చిన్నబుచ్చుకుని తిరిగారు.

"ఎందుకురా?" అని అడిగింది దేవకమ్మ తమ్ముణ్ణి.

"తాళాలు నాకివ్వడేమోనని," అన్నాడు మునిప్రసాద్. మీసం కొసలు రెండూ కిందికి వాలిపోయాయి.

"ఫోను చెయ్యి," అన్నాడు గంగాధరం లోకేశ్వరితో.

చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

"గొంతు పంపించొచ్చన్నా. ఈడ నొక్కి పట్టుకొని మాట్లాడు. ఎప్పుడు చూస్తే అప్పుడు వింటాడు." తన ఫోన్ ఆయన చేతిలో పెట్టింది.

గంగాధరం జీవితంలో మొదటిసారి ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకున్నాడు. నోరు తెరిచాడు. మూశాడు. "ఉత్తగా రమ్మంటే వాడు రాడు. వాడికి తిట్టే తగలాల. కానీ ఈ పొద్దు జాతర కాదే," అన్నాడు దీనంగా. "వేషం లేకుండా తిడితే పాపం గదా."

దేవకమ్మ రిసెప్షన్లో పటాల ముందున్న కుంకుమ భరిణె తీసుకుని వచ్చింది. గుప్పెడు కుంకుమ ఆయన నుదుటికి రాసింది. బుగ్గలకు రాసింది. గడ్డానికి, చెవులకు, బట్టతలకు అంతా పూసింది. "జాతరప్పుడు తగలాల్సింది ఇప్పుడు తగులుతుండాది. అమ్మోరు ఏమీ అనుకోదు. నేను మొక్కుకుంటాలే. తిట్టయ్యా," అంది.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో రూము కోసం ఒక యాత్రికుల కుటుంబం దిగింది. గుండు చేయించుకున్న నలుగురు మనుషులు, చేతిలో ప్రసాదం సంచులు. ఎర్రగా మండిపోతున్న మొహంతో లాడ్జి యజమాని ఫోన్ పట్టుకుని అరవడం మొదలుపెట్టాడు.

"ఒరే మునీంద్రా! ఒరే కాలిరిగిన కొంగా! నోరుండీ మాట్లాడని మొద్దూ! నన్ను అడగకుండా పోతావంట్రా నువ్వు? నీ తిట్టు నాకు తగల్లేదు రా, నాకు ఎవరూ చదివి వినిపించలేదు రా! నేను సందేళ దాకా కూర్చున్నా రా! బెంగళూరు పోయి ఎవరిని తిడతావురా ఎదవా! రా ఈడికి... రా నాయనా..."

వేలు వదిలేశాడు. మెసేజి పోయింది. నలుగురు యాత్రికులు సంచులు ఎత్తుకుని, వేరే లాడ్జి చూసుకుందామని వెనక్కి తిరిగారు. వాళ్ళను ఎవరూ ఆపలేదు.

అందరూ ఆ చిన్న తెర వైపే చూస్తూ నిలబడ్డారు. ముహూర్తం వచ్చింది, దాటిపోయింది, గోడ గడియారం వైపు ఎవరూ చూడలేదు. మెసేజి పక్కన రెండు గీతలు బూడిదరంగులో ఉన్నాయి. చాలాసేపు బూడిదరంగులోనే ఉన్నాయి. ఎన్నో కేసులు తేల్చిన లోకేశ్వరి, ఆ గీతల రంగు మారాలని కొంగు పట్టుకుని దేవుళ్ళకు మొక్కుకుంది.

నీలంగా మారాయి.

కాసేపటికి ఒక గొంతు మెసేజి వచ్చింది. లోకేశ్వరి నొక్కింది. మొదట బస్సుల హారన్లు, "పలమనేరు, పలమనేరు" అని కండక్టరు కేకలు. ఆ తర్వాత ముక్కు చీదుకుంటున్న చప్పుడు. ఆ తర్వాత మునీంద్ర.

"పెద్దాయనా... సిత్తూరు బస్టాండులో దిగేసినా. తిరుపతి బస్సు నిలబడుండాది, ఎక్కుతుండా." మళ్ళీ ముక్కు చీదాడు. "కొంగ అంటే తిట్టెట్లా అవుతాది పెద్దాయనా? మీకు తిట్టేది రానే రాదు. వచ్చినాక నేర్పిస్తా."

దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంగాధరం కళ్ళ కింద కుంకుమ తడిసి చారికలు కట్టింది.

"అమ్మా లోకేశ్వరీ, దీనికి గూడా స్క్రీన్‌షాటు తీసి నాకియ్యి," అన్నాడు.

"గొంతుకు స్క్రీన్‌షాటు తీసేదానికి కాదన్నా."

"అయితే ఇంకోసారి పెట్టు," అని ఆయన తన చెవిని ఫోన్ దగ్గరికి తెచ్చాడు.